వేడినీళ్ళు ఆగింది సుబ్బులు గారి వల్ల కాదు

(జెర్సీ సిటీలో ఒక స్కూలు హాల్లో, మార్చి నెలలో ఒక శనివారం మధ్యాహ్నం జరిగిన వీడ్కోలు సభ. స్థానిక తెలుగు సంఘంలో తొమ్మిదేళ్ళు ‘ఇంటి సాయం’ డెస్క్ నడిపిన త్రివేణి గారి ప్రసంగం, రికార్డింగ్ నుంచి రాసుకున్నది.)

సభకు అధ్యక్షత వహిస్తున్న జగన్మోహన్ గారికి, ముఖ్య అతిథిగా వచ్చి, ఈ పూట మన భోజనాలు కూడా తామే పెట్టిస్తున్న లక్ష్మీపతి గారికి, ముందు వరుసలో కోట్లు విప్పకుండా కూర్చున్న పెద్దలకు (ఈ హాల్లో హీటింగ్ చాలడం లేదని నాకూ తెలుసు, థర్మోస్టాట్ పెట్టె తాళం స్కూలు వాళ్ళ దగ్గరుంది, అందరూ నావైపు చూడకండి), వెనక గోడకు ఆనుకుని నిలబడిన పిల్లలకు, తలుపు దగ్గర ప్లేట్లు సర్దుతూ ఒక చెవి ఇటు వేసిన వాలంటీర్లకు, అందరికీ నమస్కారం. మూడో వరుసలో చివరి కుర్చీలో, ఆకుపచ్చ స్వెట్టరు వేసుకుని కూర్చున్న సుబ్బులు గారికి విడిగా ఇంకో నమస్కారం. ఎందుకు విడిగా అంటారా? అది చెప్పడానికే ఈ మైకు పట్టుకున్నాను.

ఐదు నిమిషాల్లో ముగించమని నాకు చీటీ అందింది. మా ఆయన భీమశంకరం గారు ఆఖరి వరుసలో కూర్చుని ఇప్పటికే వాచీ చూపిస్తున్నారు. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో ఆయన వాచీ చూపిస్తే నేను మాట ఆపిన రోజు ఒక్కటుంటే లేచి చెప్పమనండి. (నవ్వులు) లేవరు. కూర్చునే ఉంటారు.

ఇంతవరకు మాట్లాడినవాళ్ళు నన్ను చాలా పొగిడారు. సంతోషం. కానీ ఒకటి గమనించాను. నలుగురు మాట్లాడితే నలుగురూ నా మోకాళ్ళ గురించి ప్రస్తావించారు. నా మోకాళ్ళ మీద ఇంత దిగులు మా ఎముకల డాక్టరు కూడా పడలేదు. (నవ్వులు) నేను రిటైర్ అవుతున్నానన్న సంగతి, నిజం చెప్పాలంటే, నాకు మీ అందరితోపాటే తెలిసింది. మూడు వారాల కిందట ఒకరింటి బేస్‌మెంట్‌లో, నోట్లో టార్చిలైటు పెట్టుకుని బాయిలర్ కింద వెల్లకిలా పడుకుని ఉండగా ఫోన్ మోగింది. చూస్తే ఫ్లయరు. నా ఫోటో, పన్నెండేళ్ళ కిందటిది, జుట్టు నల్లగా ఉన్నప్పటిది. కింద పెద్ద అక్షరాల్లో ‘అలుపెరుగని సేవామూర్తి త్రివేణి గారి విశ్రాంత జీవితానికి శుభాకాంక్షలు’. నేను ఆ టార్చి నోట్లోంచి తీసి, ఆ ఇంటావిడకు చూపించి, ‘ఏమండీ, ఇది నేనేనా?’ అని అడిగాను.

కోపం వచ్చిందా అంటే వచ్చింది. ఎందుకు దాచడం? తొమ్మిదేళ్ళు నడిపిన పనిలోంచి మనిషిని తీసెయ్యాలనుకుంటే ఒక ఫోన్ చేసి ‘త్రివేణి గారూ, మీరొద్దు’ అని చెప్పొచ్చు. అది మర్యాద. శాలువా కొని, సమోసాలు ఆర్డరిచ్చి, ఫ్లయరు వేసి తీసెయ్యడం ఏం మర్యాదో నాకింకా అర్థం కాలేదు. జగన్మోహన్ గారు తల అడ్డంగా ఊపుతున్నారు. సార్, మీరు అధ్యక్షులు, చివర్లో మీకు ముగింపు మాటలు ఎలాగూ ఉన్నాయి. అప్పుడు ఊపండి.

నా గురించి తెలియని కొత్తవాళ్ళు కొందరున్నారు కాబట్టి రెండు ముక్కలు. నేను ఈ దేశానికి మా ఆయన వీసా మీద వచ్చాను. ఉద్యోగం చేసే వీలు లేని వీసా. పదకొండేళ్ళు ఇంట్లోనే ఉన్నాను. మా మొదటి అద్దె ఇంట్లో ప్రతి చలికాలమూ హీటింగ్ ఆగిపోయేది, ఓనరు పంపిన ముసలి మెకానిక్ ఒకాయన వచ్చి బాగుచేస్తుంటే పక్కన నిలబడి టార్చి పట్టుకునేదాన్ని. మూడో ఏడు నుంచి ఆయన రావడం మానేసి ఫోన్లోనే చెప్పేవాడు, నేను చేసేదాన్ని. గ్రీన్‌కార్డు చేతికొచ్చాక, నలభై ఆరో ఏట, ఒక హీటింగ్ కంపెనీలో చేరి పని నేర్చుకుని, పరీక్ష రాసి, పధ్నాలుగేళ్ళు ఇళ్ళిళ్ళూ తిరిగి బాయిలర్లు బాగుచేశాను. ఇండియాలో మా బంధువులకు చాలాకాలం ‘ఎనర్జీ సెక్టార్‌లో ఉంది’ అని చెప్పుకున్నారు. (నవ్వులు) మా ఆయన కాదు, మా అక్క. ఆయన ఎప్పుడూ ‘మా ఆవిడ బాయిలర్ మెకానిక్’ అనే చెప్పారు. అందుకే వాచీ చూపించినా క్షమిస్తున్నాను.

కంపెనీ పని చాలించి, ఇప్పుడు నా సొంతంగా చేసుకుంటున్నాను. సంఘం డెస్క్ మాత్రం సేవ. హీటింగ్, వేడినీళ్ళు, లీకులు ఏవైనా వస్తే ముందు నాకు ఫోన్ చేస్తారు, నేను ఫోన్లో చెప్పగలిగింది చెబుతాను, లేకపోతే వెళ్ళి చూస్తాను. ఈ తొమ్మిదేళ్ళలో నేను చేసిన మంచి పనులన్నీ ఇప్పటికే వినిపించారు. చేసిన తప్పు ఒకటుంది. దాన్ని ఎవరూ చెప్పలేదు, నన్ను చెప్పనివ్వలేదు కూడా. అది చెప్పకుండా ఈ శాలువా నా భుజం మీద పడితే నాకు బరువు.

మొన్న నవంబరులో విద్య ఫోన్ చేసింది. విద్య సుబ్బులు గారి అమ్మాయి, ఫణి అల్లుడు. అదిగో, అమ్మ పక్కనే ఇద్దరూ కూర్చున్నారు. ఈ సంగతి సభలో చెప్పొచ్చా అని ముందే అడిగాను. విద్య సరే అంది. ఫణి, ‘చెప్పండి ఆంటీ, నా ఎక్సెల్ షీట్ సంగతి ఒక్కటీ వదిలేయండి’ అన్నాడు. సారీ ఫణీ. (నవ్వులు) సుబ్బులు గారిని అడిగితే ఆవిడ ఒకే మాట అన్నారు: ‘అన్నది అందరి ముందూ కదమ్మా. చెప్పేదీ అందరి ముందే చెప్పు.’

వాళ్ళింట్లో కాంబీ బాయిలర్ ఉంది. మీలో చాలామంది ఇళ్ళలో ఉన్నదే. గోడకు వేలాడే తెల్ల పెట్టె. పాత ఇళ్ళలోలాగా నీళ్ళు కాచి నిలవ ఉంచే పెద్ద ట్యాంకు ఉండదు. మీరు వేడినీళ్ళ కుళాయి తిప్పితే లోపల నీళ్ళు కదులుతాయి, కదిలినట్టు దానికి తెలిసి మంట వెలుగుతుంది, అప్పటికప్పుడు కాచి పంపిస్తుంది. ఇల్లు వెచ్చబెట్టేదీ అదే. ఇంతే దాని పని. దీనికి ఒక గుణముంది. నీళ్ళు మరీ సన్నగా కదిలితే, నిమిషానికి అర గ్యాలన్ కన్నా తక్కువైతే, ఎవరూ వాడటం లేదనుకుని మంట ఆర్పేస్తుంది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, మిగతా కథంతా దీని మీదే నడుస్తుంది.

వాళ్ళింట్లో జబ్బేమిటంటే, వేడినీళ్ళు బాగానే మొదలవుతాయి, రెండు నిమిషాలకు చల్లబడతాయి, మళ్ళీ వస్తాయి, మళ్ళీ పోతాయి. ఒకరోజు పొద్దుటినుంచి సాయంత్రం దాకా నిక్షేపంగా ఉంటుంది, మర్నాడు తల రుద్దుకుని సబ్బు కళ్ళలో ఉండగా మంచునీళ్ళు. నాకన్నా ముందు ముగ్గురు మెకానిక్కులు వచ్చి వెళ్ళారు. ఒకాయన సెన్సారు మార్చాడు. ఇంకొకాయన సున్నం పట్టిందని వెనిగర్ పోసి మూడు గంటలు కడిగాడు, ఇల్లంతా ఆవకాయ జాడీ వాసన. మూడో ఆయన కొత్త బాయిలర్ కొనమన్నాడు. ఇక ఫణి ఉన్నాడు కదా, సాఫ్ట్‌వేర్ మనిషి, ఊరుకుంటాడా? వేడినీళ్ళు ఆగిన ప్రతిసారీ టైము రాశాడు. బయట చలెంతో రాశాడు. ఎవరు స్నానం చేస్తున్నారో, డిష్‌వాషర్ తిరుగుతోందో లేదో, అన్నిటికీ తలా ఒక కాలమ్. చివరి కాలమ్ పేరు ‘అత్తయ్య గారు ఇంట్లో ఉన్నారా?’ ఆ కాలమ్‌లో అరవై వరుసల్లోనూ ‘అవును’. (నవ్వులు)

నవ్వుతున్నారు గానీ, ఆవేళ నేను నవ్వలేదు. అరవైకి అరవై అవును చూసి నేను కూడా ఆ వైపే తిరిగాను. డ్రైవింగు రాని డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి ఇంట్లో ఉండక ఎక్కడుంటుందన్న ఆలోచన నాకూ రాలేదు, అల్లుడికీ రాలేదు.

మేడమీద బాత్రూమ్‌కి వెళ్ళి చూశాను. టబ్బులో బకెట్, బకెట్లో చెంబు. సుబ్బులు గారు బకెట్ స్నానం చేస్తారు. కుళాయి సన్నగా తిప్పుకుని, వేడీ చన్నీళ్ళూ కలుపుకుంటారు, చుక్క వృథా పోకూడదని. ఆ ధార కింద గిన్నె పట్టి కొలిచాను. నిమిషానికి అర గ్యాలన్ లేదు. నాకు ఎంత సంతోషమేసిందో! ముగ్గురు తేల్చలేనిది పది నిమిషాల్లో తేల్చేశానని కిందికి దిగి, వంటింట్లో నలుగురి మధ్య నిలబడి, ‘అమ్మగారు కుళాయి సన్నగా తిప్పుతున్నారు, అందుకే బాయిలర్ ఆగిపోతోంది’ అని తీర్పు చెప్పేశాను. ఆవిడ స్టవ్ దగ్గర కాఫీ కలుపుతున్నారు. ఆవిడ చేతి కాఫీయే తాగుతూ చెప్పాను.

నేను చెప్పిన శాస్త్రం తప్పు కాదు. సన్నగా తిప్పితే ఆ పెట్టె ఆగుతుంది, నిజమే. కానీ ఆ ఇంట్లో జబ్బు అది కాదు. తాళం చెవి బీరువాకి పట్టినంత మాత్రాన దొంగ దొరికినట్టు కాదు కదా. సరే, అక్కడితో ఊరుకున్నానా? ఊరుకోలేదు. ఇంటికొచ్చి మన సంఘం వాట్సాప్ గ్రూపులో, నాలుగు వందల కుటుంబాలున్న గ్రూపులో, ‘ఈ వారం చిట్కా’ అని పెట్టాను. ‘వేడినీళ్ళు ఆగి ఆగి వస్తున్నాయా? ఇంట్లో పెద్దవాళ్ళు బకెట్ స్నానం చేస్తున్నారేమో చూసుకోండి. కారణం చాలావరకు అదే.’ రెండొందల పైచిలుకు బొటనవేళ్ళు వచ్చాయి. తొమ్మిదేళ్ళలో నేను పెట్టిన ఏ మెసేజికీ అన్ని రాలేదు. (నవ్వులు)

ఆ బొటనవేళ్ళు ఒక్కొక్కటీ ఒక్కో ఇంట్లో ఏం చేశాయో నాకు తర్వాత తెలిసింది. ఒకరింట్లో ఫ్రిజ్ మీద అమ్మ స్నానానికి టైమ్‌టేబుల్ అంటించారు. ఒకరింట్లో బకెట్ తీసుకెళ్ళి గరాజ్‌లో పెట్టేశారు. ఎవరెవరో చెప్పను, తలలు వంచుకున్నవాళ్ళు వంచుకుంటున్నారు, అది చాలు.

విద్య వాళ్ళింట్లో అమ్మను ఎవరూ తిట్టలేదు. ఆ మాట నేను గట్టిగా చెబుతాను. కానీ ఎప్పుడు నీళ్ళు చల్లబడినా మేడమీద నుంచి ఒక కేక వినపడేది, ‘అమ్మా, కింద కుళాయి తిప్పావా?’ అని. అంతే, ఇంకేం లేదు. రోజుకు నాలుగుసార్లు ఆ కేక వింటే మనిషికి ఎలా ఉంటుంది? ఆవిడ ముందు బకెట్ మానేశారు. షవర్ కింద నిలబడితే కాలు జారుతుందేమోనని భయం, అయినా నిలబడ్డారు. తర్వాత తాగిన గ్లాసు కడగడం మానేసి సింకులో పెట్టేవారు. తర్వాత అందరూ ఆఫీసులకూ స్కూళ్ళకూ వెళ్ళేదాకా ఒళ్ళు తడుపుకోలేదు. జనవరిలో ఒకరోజు, బయట మంచు పడి గడ్డకట్టి ఉంటే, ఆవిడ చన్నీళ్ళతో స్నానం చేశారు. ఇక్కడి జనవరి చన్నీళ్ళు ఎలా ఉంటాయో నేను చెప్పక్కర్లేదు. వారం రోజులు దగ్గు, జ్వరం.

చూసి వద్దామని వెళ్ళాను. బాయిలర్ కోసం కాదు, పలకరిద్దామని. దుప్పటి కప్పుకుని కూర్చున్నారు. పక్కన కూర్చుంటే నెమ్మదిగా, ఫిర్యాదులా కూడా కాదు, ఇలా అన్నారు: ‘త్రివేణీ, నేను నాలుగు వారాల నుంచి వేడినీళ్ళ కుళాయి జోలికే పోలేదమ్మా, ఇంట్లో ఎవరూ లేనప్పుడు తప్ప. అయినా మీ పెట్టె పొద్దున్నే వాళ్ళు నీళ్ళు పోసుకునేప్పుడు ఆగుతూనే ఉంది. నేను తిప్పకపోయినా ఆగుతోందంటే, మరి అది నా వల్లనేనా?’

నాకు తల తీసేసినట్టయింది. పధ్నాలుగేళ్ళ అనుభవం, పరీక్షలు, లైసెన్సు, అన్నీ ఉన్నదాన్ని. ఆ పెట్టె లోపల ప్రతి గొట్టాన్నీ పరీక్షించాను, ఒత్తిడి కొలిచాను, ఫణి షీటు చదివాను. ఆ ఇంట్లో రోజంతా ఉండే ఒకే ఒక్క మనిషిని మాత్రం ఒక్క ప్రశ్న అడగలేదు. ఆవిడ ముందే నవంబరులో నిలబడి తీర్పు చెప్పాను గానీ ఆవిడనేమీ అడగలేదు.

అక్కడికక్కడే లేచి బేస్‌మెంట్‌లోకి దిగాను. బాయిలర్‌లోకి చన్నీళ్ళు వచ్చే వాల్వు కట్టేశాను. కట్టేస్తే ఏమవ్వాలి? ఇంట్లో ఏ కుళాయి తిప్పినా వేడివైపు నీళ్ళు రాకూడదు. పైకొచ్చి వంటింట్లో వేడి కుళాయి పూర్తిగా తిప్పాను. నీళ్ళు ఆగలేదు. పోతూనే ఉన్నాయి! అంటే బాయిలర్‌తో సంబంధం లేకుండా ఎక్కడినుంచో చన్నీళ్ళు దొంగదారిన వేడి గొట్టంలోకి దూరుతున్నాయన్నమాట. అలా దూరినప్పుడు కుళాయిలోకి సగం నీళ్ళు బాయిలర్ లోంచి కాకుండా పక్కదారిన వస్తాయి, బాయిలర్ లోపల ధార సన్నబడుతుంది, ఎవరూ వాడటం లేదనుకుని అది మంట ఆర్పేస్తుంది. ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను చూశారా, అదే ముక్క.

ఆ దొంగదారి ఎక్కడుందో చూద్దామని ఇల్లంతా తిరిగి సింకు సింకుకీ కింద ఉన్న చిన్న వాల్వులు ఒక్కొక్కటే కట్టుకుంటూ వెళ్ళాను. వంటింట్లో విద్య నిలబడి ‘ఇంకా వస్తున్నాయి ఆంటీ, ఇంకా వస్తున్నాయి’ అని కేకలేస్తోంది. మేడమీద బాత్రూమ్‌లో కమోడ్ పక్కన రెండు వాల్వులు కట్టాను. ‘ఆగిపోయాయి ఆంటీ!’ అంది.

కమోడ్ పక్కన ఏముందో ఇక్కడున్న వాళ్ళందరికీ తెలుసు, పెద్దమనుషుల సభ కాబట్టి ఎవరూ పైకి అనరు. నేను అంటాను. బిడే స్ప్రే, కడుక్కునే నీళ్ళ పిచికారీ. (నవ్వులు) ఎందుకు నవ్వు? మన వాళ్ళు ఈ దేశంలో ఇల్లు కొంటే గృహప్రవేశం కన్నా ముందు పెట్టించేది అదే. వాళ్ళింట్లో ఉన్నది గోరువెచ్చటి నీళ్ళ రకం. ఒక గొట్టంలో వేడీ, ఒక గొట్టంలో చల్లా వచ్చి వేడి సరిచూసుకుని తిప్పుకునే చిన్న గుండీ దగ్గర కలుస్తాయి. చేతిలో స్ప్రే గన్ను మీట వదిలేస్తే నీళ్ళు ఆగిపోతాయి కాబట్టి అందరూ పని అయిపోయిందనుకుంటారు. గుండీ మధ్యలోనే వదిలేస్తారు. లోపల వేడి గొట్టం, చన్నీళ్ళ గొట్టం ఒకదానిలోకి ఒకటి తెరుచుకునే ఉంటాయి. అక్కడినుంచే చన్నీళ్ళు ఇల్లంతా వేడి కుళాయిల్లోకి నడిచాయి. గుండీ కట్టేసిన రోజు అంతా బాగుంటుంది, వదిలేసిన రోజు సబ్బు కళ్ళలో ఉండగా చన్నీళ్ళు.

ఇక అసలు సంగతి వినండి. ఆ ఇంట్లో ఆ స్ప్రే ముట్టుకోని మనిషి ఒక్కరే ఉన్నారు. సుబ్బులు గారు. ఆ పిస్తోలు నాకొద్దని మొదటిరోజే చెప్పేసి, తన చెంబు తాను వాడుకుంటున్నారు. (నవ్వులు, చప్పట్లు) చప్పట్లు నాకు కాదు, అటు కొట్టండి. మూడు నెలలు ఇంటిల్లిపాదీ, నాతో సహా, తప్పంతా ఎవరి మీద వేశామో ఆ ఒక్క మనిషి ఆ తప్పు చేయలేదు.

నీళ్ళు వెనక్కి పోనివ్వని చిన్న వాల్వులు రెండుంటాయి, చిటికెన వేలంత. అవి రెండు గొట్టాలకూ బిగించాను. ఇవాళ్టి వరకు ఆ ఇంట్లో వేడినీళ్ళు ఆగలేదు. ఆ తర్వాత అదే స్ప్రే ఉన్న ఇళ్ళు ఇంకో పదకొండు చూశాను. తొమ్మిదిళ్ళలో అదే కథ. ఎందుకు అదే స్ప్రే అంటే, మన సంఘమే కదా నిరుడు ఉగాదికి అందరికీ కలిపి ఆర్డరు పెట్టించింది. నూట ఇరవై ఆరు ఇళ్ళు. తెప్పించి ఇచ్చినవారు మన ముఖ్య అతిథి లక్ష్మీపతి గారు.

(వేదిక మీద నుంచి ఎవరో ఏదో అంటారు.)

ఇది సందర్భం కాదంటున్నారా లక్ష్మీపతి గారూ? సందర్భం మీరే ఇచ్చారు సార్, మైకు కూడా. మీ సరుకు చెడ్డదని నేను అనడం లేదు. మా ఇంట్లోనూ అదే ఉంది. ఆ పెట్టెలో రెండు చిన్న వాల్వులు లేవు, ‘వాడాక గుండీ కట్టేయండి’ అని చెప్పే కాగితం ముక్క లేదు. అంతవరకే అంటున్నాను. మీరు కావాలని చేసింది కాదు. నేను కూడా కావాలని చేసింది కాదు. కానీ తప్పని తెలిశాక నోరు మూసుకుని కూర్చుంటే, అది కావాలని చేసినట్టే.

జనవరి ఆఖర్లో సవరణ రాసి జగన్మోహన్ గారికి పంపాను. గ్రూపులో ఇప్పుడు అడ్మిన్లు తప్ప ఎవరూ పెట్టడానికి లేదు కదా. ఆయన ‘చూద్దాం మేడమ్’ అన్నారు. రెండోసారి అడిగితే ‘లక్ష్మీపతి గారి ఉగాది స్పాన్సర్‌షిప్ అయ్యాక చూద్దాం’ అన్నారు. మూడోసారి అడిగితే ‘పాజిటివ్ విషయాలు మాట్లాడుకుందాం మేడమ్, పెద్దావిడ మర్చిపోయుంటారు’ అన్నారు. నాలుగోసారి అడిగిన వారానికి నా రిటైర్మెంటు ఫ్లయరు వచ్చింది.

జగన్మోహన్ గారూ, మీరంటే నాకు గౌరవమే. మా అబ్బాయికి ఉద్యోగం పోయిన రోజుల్లో మీరు ఎన్ని ఫోన్లు చేశారో నేను మర్చిపోలేదు, మర్చిపోను. కానీ పెద్దావిడ మర్చిపోయారన్నారు చూడండి, అది తప్పు. ఆవిడ ఇప్పటికీ నీళ్ళు తిప్పేముందు మేడమీద ఎవరైనా ఉన్నారా అని పైకి చూస్తారు. పోయినవారం నా కళ్ళతో చూశాను. బాయిలర్‌ను అరగంటలో బాగుచేశాను. ఆ చూపును బాగుచేయడం నాకు చేతకాలేదు. ఇంట్లో వాళ్ళు సారీ చెప్పారు, నేను కాళ్ళమీద పడినంత పనిచేశాను. అయినా పోలేదు. ఎందుకంటే గుడికి వెళ్ళినా, పుట్టినరోజు పార్టీకి వెళ్ళినా, ఎవరో ఒకరు నవ్వుతూ ‘ఏమ్మా, ఇంకా బకెట్టేనా?’ అంటున్నారు. నాలుగు వందల ఇళ్ళకు నేను చెప్పిన మాట అది. వాళ్ళింటి వంటింట్లో వెనక్కి తీసుకుంటే సరిపోదు.

ఫోన్లో టైపు చేసి ఉంది. చదువుతున్నాను. మీరు గ్రూపులో పెట్టినా సరే, పెట్టకపోయినా సరే. ఈ హాల్లో కనీసం నూటయాభై ఫోన్లు ఉన్నాయి, అందులో సగం ఇప్పటికే నావైపు పట్టుకుని ఉన్నాయి. కాస్త సరిగ్గా పట్టుకోండి.

‘నవంబరులో నేను పెట్టిన చిట్కా తప్పు. ఆ ఇంట్లో వేడినీళ్ళు ఆగింది సుబ్బులు గారి వల్ల కాదు. మీ ఇళ్ళలో ఆగుతున్నది కూడా మీ అమ్మల వల్లో అత్తగార్ల వల్లో అని నా మాట పట్టుకుని అనుకోకండి. గోరువెచ్చటి నీళ్ళ బిడే స్ప్రే ఉన్నవాళ్ళు ఇవాళ ఇంటికి వెళ్ళగానే దాని రెండు వాల్వులూ కట్టేయండి. రెండు రోజులు చూడండి. జబ్బు పోతే కారణం అదే, నాకు ఫోన్ చేయండి. పోకపోతే కూడా చేయండి. గరాజ్‌లో పెట్టిన బకెట్లు తెచ్చి ఇచ్చేయండి. తప్పు నాది. త్రివేణి.’

(సుదీర్ఘంగా చప్పట్లు.)

చాలు, చాలు. భీమశంకరం గారు వాచీ జేబులో పెట్టేసుకున్నారు, గమనించారా? ఇది కూడా రికార్డు చేయండి. (నవ్వులు)

ఇక శాలువా సంగతి. లక్ష్మీపతి గారి చేతుల మీదుగా అని కార్యక్రమంలో రాశారు. ఆయన పెద్ద మనసుతో ఏమీ అనుకోరని నా నమ్మకం. నాకు శాలువా కప్పితే సుబ్బులు గారే కప్పాలి. ఆవిడకు ఇష్టమైతేనే. ఇష్టం లేదంటే, ఒట్టి భుజాలతో ఇంటికి వెళ్తాను, ఆ శాలువా వచ్చే ఏడాది ఇంకెవరినైనా సాగనంపడానికి పనికొస్తుంది. సుబ్బులు గారూ, మిమ్మల్ని నవంబరులో ఒక ప్రశ్న అడగాల్సింది, అడగలేదు. ఇవాళ అడుగుతున్నాను. నన్ను క్షమిస్తారా?

(మూడో వరుసలోంచి సుబ్బులు గారు కూతురి చెయ్యి పట్టుకుని లేచి, మెల్లగా వేదిక దగ్గరకు వస్తారు. లక్ష్మీపతి గారు లేచి శాలువా ఆవిడ చేతికి అందిస్తారు. ఆవిడ ఏదో అంటారు.)

థాంక్యూ లక్ష్మీపతి గారూ, లేచి ఇచ్చారు, అది నేను మర్చిపోను. ఆవిడ మాట మీకు వినపడలేదు కదా, మైకుకు అందలేదు. నేను చెబుతాను. ‘నన్ను ఆవేళే అడిగుంటే ఆవేళే చెప్పేదాన్ని కదమ్మా’ అంటున్నారు.

అవునండీ. చెప్పేవారు.

ఇంకా ఏదో అంటున్నారు. ఆగండి. ‘ఈసారి ఎవరింటికి వెళ్ళినా, పెట్టె చూసే ముందు ఆ ఇంట్లో ముసలిదాన్ని అడుగు’ అంటున్నారు.

(నవ్వులు, చప్పట్లు)

అడుగుతానండీ. తప్పకుండా అడుగుతాను. జగన్మోహన్ గారూ, ‘ఈసారి’ అన్నారు, విన్నారు కదా? డెస్క్ మీరు ఎవరికైనా ఇవ్వండి, కొత్తవాళ్ళకు నేనే దగ్గరుండి పని నేర్పుతాను. నా ఫోన్ నంబరు మాత్రం పాతదే, నా సంచీ కారులోనే ఉంది, మోకాళ్ళు రెండూ నావే. నన్ను భరించిన మీ అందరికీ, ఓపికగా విన్న పిల్లలకు, వాచీ దాచుకున్న మా ఆయనకు, క్షమించి ఇంతదూరం నడిచొచ్చిన సుబ్బులు గారికి కృతజ్ఞతలు.

ఈ మైకు దగ్గర మాత్రమే, సెలవు.